కుంపిణీ కాలపు బిళ్ళ చేతికొస్తే: నాణెమో, టోకెనో, నకిలీదో తేల్చుకునే పద్ధతి

"నాయనమ్మ ఇత్తడి డబ్బాలో దొరికిందండీ. ఒకవైపు శ్రీరామ పట్టాభిషేకం, రెండోవైపు ఈస్ట్ ఇండియా కంపెనీ 1818 అని ఉంది. ఎంత పలుకుతుంది?" ఫొటోతో పాటు ఈ ప్రశ్న నాకు తరచూ వస్తుంటుంది. నకిలీ అని ఒక్క ముక్కలో చెబితే అడిగినవాళ్లకు చిన్నబుచ్చినట్టు ఉంటుంది, ఎలా తెలిసిందో చెప్పమంటారు. ఆ "ఎలా" ఇక్కడ మొత్తం రాస్తున్నాను. ఇంట్లో కూర్చుని మీరే తేల్చుకోవచ్చు.

ముందే ఒక మాట. దాదాపు అందరూ బొమ్మ చూడటంతో మొదలుపెడతారు. నేనైతే బొమ్మను చివరికి ఉంచుతాను. నకిలీ చేసేవాడి శ్రద్ధంతా బొమ్మ మీదే ఉంటుంది. బరువు, అంచు, వెడల్పు మాత్రం గాలికి వదిలేస్తాడు. వాడు వదిలేసిన చోటే మనం పట్టుకోవాలి.

1. ముందు సిద్ధం చేసుకోవాల్సినవి

పెద్ద ఖర్చేమీ లేదు. నగల దుకాణాల్లో వాడే చిన్న డిజిటల్ తూకం ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. 0.01 గ్రాము దాకా చూపించేదే కొనండి. వంటింటి తూకం పనికిరాదు, అది అర గ్రాము తేడా కూడా చూపించదు.

- 0.01 గ్రాము చూపించే తూకం
- మి.మీ.లలో కొలిచే డిజిటల్ కాలిపర్ (ప్లాస్టిక్‌దైతే నాణేనికి గీత పడదు)
- పది రెట్లు పెద్దదిగా చూపించే భూతద్దం, గడియారాల రిపేరు వాళ్లు కంటికి పెట్టుకునేది
- చిన్న అయస్కాంతం
- టార్చి లైటు
- గాజు గ్లాసు, కుట్టుదారం
- బల్ల మీద పరవడానికి మెత్తటి గుడ్డ
- నోట్‌బుక్, పెన్సిలు

తూకం కొనగానే ఇప్పటి రూపాయి నాణెం ఒకటి మూడు సార్లు తూచండి. మూడు సార్లూ ఒకే అంకె రాకపోతే బ్యాటరీ మార్చండి, లేదా ఫ్యాన్ ఆపండి. ఫ్యాన్ గాలికి రెండో దశాంశం అంకె ఆడుతూనే ఉంటుంది. ఇది తెలియక నేను ఒక మధ్యాహ్నమంతా తూకాన్ని తిట్టుకున్నాను.

2. కడగొద్దు, తోమొద్దు

ఇది అడుగు కాదు, ఆంక్ష. మన ఇళ్లలో రాగి కనిపిస్తే చెయ్యి చింతపండు వైపు వెళ్తుంది. నేనూ అదే చేశాను. మొదట్లో దొరికిన ఇరవై కాసుల రాగి నాణేన్ని చింతపండు, ఉప్పు వేసి రుద్దితే గులాబీ రంగులో తళతళలాడింది. ఇంట్లో అందరికీ గొప్పగా చూపించాను. తర్వాత దాన్ని చూసిన పాత సేకరణదారు తిరిగి నా చేతిలో పెట్టి, "దీని రెండు వందల ఏళ్ల చర్మం ఒలిచేశావు కదయ్యా" అన్నాడు. అది ఇప్పటికీ నా దగ్గరే ఉంది, ఎవరూ కొనరు.

ఆ ముదురు గోధుమరంగు పొర విలువలో భాగం. అంతకు మించి, అది సాక్ష్యం కూడా. తోమేస్తే ఐదో అడుగులో చూసేందుకు ఏమీ మిగలదు.

మట్టి మరీ అడ్డొస్తుంటే ఇన్వర్టర్‌లో పోసే డిస్టిల్డ్ వాటర్‌లో ఒక రాత్రి నానబెట్టి, గుడ్డ మీద బోర్లించి ఆరనివ్వండి. తుడవడం కూడా వద్దు, అద్దడమే.

3. ఏ గుంపులోదో అనుకోవడం

కుంపిణీ (ఈస్ట్ ఇండియా కంపెనీ) కాలం బిళ్ళ అని మన చేతికొచ్చేవి నిజానికి ఐదారు వేర్వేరు వస్తువులు. గుంపు తప్పితే మిగతా లెక్కంతా తప్పుతుంది.

- నాణెం: కంపెనీ ప్రభుత్వం వేసిన అసలు డబ్బు. రూపాయి, కానీ, అర్ధణా, కాసు, ఫణం, వరహా.
- వర్తక టోకెను: చిల్లర కరువైనప్పుడు వ్యాపారులు సొంతంగా అచ్చువేయించుకున్నది. ప్రభుత్వ ముద్ర ఉండదు.
- తోట టోకెను: తేయాకు, కాఫీ తోటల్లో కూలి కింద ఇచ్చిన బిళ్ళ. ఆ తోట పరిధిలోనే చెల్లేది.
- రామటంకా: పూజకు, యాత్ర గుర్తుకు చేసినది. ఎప్పుడూ డబ్బు కాదు.
- ఆట బిళ్ళ: పేకాటలో లెక్కకు వాడిన ఇత్తడి బిళ్ళ. ఇంగ్లండు బంగారు నాణెంలా కనిపిస్తుంది.
- కల్పిత బిళ్ళ: అసలు ఎన్నడూ లేని నాణేన్ని ఊహించి చేసినది. రాముడి బొమ్మ, కంపెనీ పేరు, 1818 ఉన్నది ఇదే.

ఆట బిళ్ళ గురించి ఒక్క మాట. మూడో జార్జి రాజు బంగారు గినీని పోలిన ఇత్తడి బిళ్ళ మీద "ఇన్ మెమరీ ఆఫ్ ద గుడ్ ఓల్డ్ డేస్" అని రాసి ఉంటుంది. అసలు నాణెం మీద ఇలాంటి వాక్యం రాయరు. చిల్లి పెట్టి గొలుసుకు వేసుకుంటే అక్షరాలు అరిగి, అచ్చం బంగారు కాసే అనిపిస్తుంది. కాసులపేరు విప్పినప్పుడు ఒక్కొక్క కాసూ విడిగా తూచమనేది అందుకే.

4. తూకం, వెడల్పు

మూడు సార్లు తూచి, మూడూ రాసుకోండి. వెడల్పును రెండు చోట్ల కొలవండి. తర్వాత ఈ అంకెలతో పోల్చండి. మన వైపు ఇళ్లలో ఎక్కువగా దొరికేవి ఇవే:

- 1835 తర్వాతి పావు అణా, అంటే మన కానీ: రాగి, 6.48 గ్రాములు, సుమారు 25-26 మి.మీ.
- 1835 అర్ధణా: రాగి, 12.95 గ్రాములు, 30 మి.మీ. పైచిలుకు
- అణాలో పన్నెండో వంతు: రాగి, 2.16 గ్రాములు
- 1835, 1840 రూపాయి: వెండి, 11.66 గ్రాములు
- మద్రాసు ఇరవై కాసులు, 1803, 1808: రాగి, సుమారు 9.3 గ్రాములు, 30-31 మి.మీ.
- మద్రాసు పది కాసులు: రాగి, సుమారు 4.66 గ్రాములు, 25-26 మి.మీ.
- మద్రాసు పావు వరహా: వెండి, సుమారు 10.58 గ్రాములు

అరిగితే బరువు తగ్గుతుంది, పెరగదు. 6.48 ఉండాల్సిన కానీ 6.1 తూగితే చేతులు మారి అరిగిందనుకోవచ్చు. 7.4 తూగితే అనుమానించాల్సిందే. మట్టి, చిలుము పేరుకుంటే కొంచెం పెరగొచ్చు గానీ అంత తేడా రాదు.

వెండి రూపాయికి ఇంకాస్త గట్టిగా ఉండండి. బాగా కనిపిస్తూ 11.3కు తక్కువ తూగితే నేను పక్కన పెట్టేస్తాను. మొహం కొత్తగా ఉండి బరువు మాత్రం పాతబడటం కుదరదు కదా.

తూకం అయ్యాక అయస్కాంతం. అంటుకుంటే లోపల ఇనుముంది, అక్కడితో ఆ బిళ్ళ కథ ముగిసింది. అంటుకోకపోతే అసలుదని మాత్రం కాదు. ఇత్తడీ అంటుకోదు, సీసమూ అంటుకోదు.

5. అంచు, ఒళ్లు

బిళ్ళను బొటనవేలు, చూపుడువేలు మధ్య నిలబెట్టి అంచును భూతద్దంలో చుట్టూ తిప్పి చూడండి. పోత పోసిన బిళ్ళకు రెండు అచ్చులు కలిసిన చోట సన్నటి గీత ఉంటుంది. దాన్ని ఆకురాయితో అరగదీస్తారు. అప్పుడు గీత పోయి, ఆ ఒక్క పట్టీలో అడ్డంగా రాపిడి గుర్తులు మిగులుతాయి. రెంటిలో ఏది కనిపించినా ఒకటే అర్థం.

ఇప్పుడు గదిలో లైటు తీసి, టార్చిని పక్కనుంచి పడుకోబెట్టినట్టు వెయ్యండి. చూడాల్సినవి:

- అక్షరాల గోడలు నిటారుగా ఉన్నాయా, సబ్బు ముద్దలా జారి ఉన్నాయా?
- గుంటలు గుండ్రంగా, సూదితో పొడిచినట్టు ఉన్నాయా? అవి పోతలో గాలిబుడగలు. తుప్పు గుంటలకు ఇలా ఒకే ఆకారం ఉండదు.
- అరుగుదల ఎత్తైన చోట్లే ఉందా? సింహం జూలు, కిరీటం, రాజు చెంప ముందు అరుగుతాయి. అక్షరాల సందుల్లో కూడా అంతే మసకగా ఉంటే అది అరుగుదల కాదు, అచ్చు లోపం.
- నలుపు పల్లాల్లో చేరిందా, ఒళ్లంతా ఒకే మందాన పూసినట్టుందా? రసాయనంతో నల్లబరిచింది ఎత్తుపల్లాలు చూడదు.

నకిలీలన్నీ పోత పోసినవే అనుకోకండి. అచ్చుకొట్టినవీ ఉంటాయి. అందుకే తర్వాతి రెండు అడుగులు.

6. నీటి పరీక్ష

లోహం ఏమిటో తెలుసుకోవడానికి గీకక్కర్లేదు, ఆసిడ్ వెయ్యక్కర్లేదు. గ్లాసులో సగం నీళ్లు పోసి తూకం మీద పెట్టి, అంకెను సున్నా చెయ్యండి. నాణేనికి దారం కట్టి నీళ్లలో పూర్తిగా ముంచండి. అడుగుకు, గోడకు తగలకూడదు. బుడగ అంటుకుని ఉంటే ఒకసారి ఆడించండి. అప్పుడు కనిపించే అంకె రాసుకోండి.

పొడిగా తూచిన బరువును ఆ అంకెతో భాగించాలి, అంతే. రాగికి 8.9 దగ్గర, ఇత్తడికి 8.4 నుంచి 8.7, కుంపిణీ రూపాయి వెండికి 10.3 దగ్గర, జింకుకు 7.1 వస్తుంది. ఉదాహరణకు 11.66 గ్రాముల అసలు రూపాయి నీళ్లలో 1.13 చూపించాలి.

రెండు గ్రాముల బుల్లి నాణేలకు ఈ పరీక్ష నమ్మొద్దు. తూకం ఒక్క పాయింటు ఆడినా జవాబు రాగి నుంచి ఇత్తడికి మారిపోతుంది. ఆరు గ్రాములు దాటినవాటికే చెయ్యండి.

7. రాతలు చదవడం

అసలు తీర్పు ఇక్కడ వస్తుంది. భూతద్దంలో కనిపించిన ప్రతి అక్షరాన్నీ, అర్థం అయినా కాకపోయినా, నోట్‌బుక్‌లో ఎక్కించండి. ఊహించి పూరించొద్దు.

*అణా పరీక్ష.* "వన్ అణా" అని ఆంగ్లంలో రాసిన నాణెం కుంపిణీ ఎన్నడూ వేయలేదు. వాళ్ల రాగిలో పెద్దది అర్ధణా. మన దేశంలో ఒక అణా నాణెం మొదట వచ్చింది 1907లో, ఏడో ఎడ్వర్డ్ బొమ్మతో, అలల అంచుతో, రాగి-నికెల్ మిశ్రమంలో. కాబట్టి కంపెనీ పేరూ వన్ అణా అన్న రాతా ఒకే బిళ్ళ మీద కలిశాయంటే ఇక ఏమీ చూడక్కర్లేదు. "యూకేఎల్" అన్న మూడక్షరాలు ముందుంటే మరీ నయం. దానికి అర్థమే లేదు, ఏ టంకశాలా అలా కొట్టలేదు.

*ఏడాది పరీక్ష.* కల్పిత బిళ్ళల మీద 1616, 1717, 1818, 1839 తరచూ కనిపిస్తాయి. ఆంగ్లంలో అణా అన్న మాట బొంబాయి రాగి నాణేల మీదకు 1830 దశకంలోనే వచ్చింది. దేశమంతటికీ ఒకే నాణెం అన్నది 1835 నుంచి. పావు అణా మీద మామూలుగా దొరికే ఏళ్లు 1835, 1857, 1858. 1862 నుంచి పావు అణా మీద రాణి మొహం వచ్చేసింది, కంపెనీ పేరు పోయింది. 1818లో మద్రాసు జనం వాడుతున్నది కాసులు, ఫణాలు, వరహాలు, రూపాయలు. ఆ ఏడే మద్రాసులో వరహా లెక్క పోయి రూపాయి లెక్క ప్రమాణమైంది.

*చిహ్నం పరీక్ష.* అసలు రాగి నాణేల మీద కంపెనీ చిహ్నం ఉంటుంది: డాలు, దానికి అటూ ఇటూ నిలబడ్డ సింహాలు, కింద రిబ్బను మీద లాటిన్ వాక్యం, "ఆస్పిసియో రెజిస్ ఎట్ సెనాటస్ ఆంగ్లియే". నకిలీలో ఈ రిబ్బను మీద గీతలో, తప్పు అక్షరాలో ఉంటాయి. నేను భూతద్దం ముందు పెట్టేది అక్కడే.

*గుండె గుర్తు.* గుండె ఆకారాన్ని గీతలతో విడదీసి వీ, ఈ, ఐ, సీ అక్షరాలు, పైన 4 అంకెలాంటి గీత ఉంటే అది కంపెనీ సరుకుల మూటల మీద వేసిన గుర్తే. 1794, 1797ల్లో మన ఉత్తర సర్కారుల కోసం ఇంగ్లండులో కొట్టిన రాగి నాణేల మీద ఈ గుర్తు, "48 టు వన్ రూపీ" అన్న రాత ఉంటాయి. చిన్నదాని మీద 96. అంటే రూపాయికి ఇన్ని అని విలువ నాణెం మీదే రాశారు. తెలుగు నేల కోసమే వేసిన యంత్రపు నాణెం కాబట్టి మన సేకరణలో ఇది ఉండాలని నా పట్టుదల. వీ అక్షరం రెండు కాళ్ల మీద ఓ, సీ ఉంటే మాత్రం అది డచ్చి వాళ్లది. భీమునిపట్నం, మచిలీపట్నం, పులికాట్ వైపు వాళ్ల స్థావరాలు ఉండేవి. నకిలీ అనుకుని పారేయకండి.

*పర్షియన్ అంకెలు.* లిపి కుడి నుంచి ఎడమకు నడిచినా అంకెలు ఎడమ నుంచి కుడికే. ఒకటి నిలువు గీత, సున్నా చుక్క, ఐదు సున్నాలా గుండ్రంగా, ఏడు ఆంగ్ల వీలా, ఎనిమిది దాన్ని తిరగేసినట్టు. హిజ్రీ (ముస్లిం పంచాంగం) సంవత్సరాన్ని 0.97తో గుణించి 622 కలిపితే మన ఏడాది దాదాపుగా వస్తుంది. 1247 అంటే 1831.

*విలియం గీతలు.* 1835 రూపాయి మీద నాలుగో విలియం రాజు పేరు పక్కన నాలుగు నిలువు గీతలు ఉంటాయి. "నాలుగుకు ఐ, వీ కదా, ఇది తప్పు" అని అసలు నాణేన్ని వదిలేసుకున్నవాళ్లున్నారు. అసలు దాని మీద అలాగే ఉంటుంది.

8. దేవుడి బొమ్మ ఉంటే

"కుంపిణీ వాళ్లు దేవుడి బొమ్మ వేయలేదు, కాబట్టి నకిలీ" అని చాలామంది చెప్పేస్తారు. తీర్పు సరైందే అయినా కారణం తప్పు. మద్రాసులో కుంపిణీ వేసిన మూడు స్వాముల వరహా మీద స్వామి, ఇద్దరు దేవేరులు ఉంటారు. 1808 ప్రాంతంలో మద్రాసు టంకశాలలో యంత్రం మీద కొట్టిన వెండి అర వరహా, పావు వరహాల మీద ఒకవైపు చుక్కల మధ్య గోపురం, రెండోవైపు విష్ణువు. పైగా తమిళ, తెలుగు అక్షరాల్లో విలువ రాసి ఉంటుంది. అప్పటి ఫణాల మీద "రూక" అన్న మాట తెలుగులో చదవొచ్చు. భూతద్దం కింద మొదటిసారి ఆ తెలుగు అక్షరాలు కూడబలుక్కున్న రోజు నాకు గుర్తే.

కాబట్టి సూత్రం ఇలా పెట్టుకోండి: దేవుడు, వరహా అనుకూలం. దేవుడు, ఆంగ్లంలో అణా ప్రతికూలం. బంగారం, వెండి అయితే పరీక్షకు కూర్చోండి. రాగో ఇత్తడో అయి, మీద రాముడు, హనుమంతుడు, గణపతి, దుర్గ ఉండి కంపెనీ పేరుంటే అది కల్పితం.

కంపెనీ పేరు లేకుండా నాగరి అక్షరాలతో పట్టాభిషేకం ఉంటే రామటంకా. వీటిలో పాతవీ ఉన్నాయి, నిన్న చేసినవీ ఉన్నాయి. మీద 1740 అని ఉంటే దాన్ని పట్టుకుని వయసు లెక్కగట్టొద్దు. ఆ అంకె పాత అచ్చు నుంచి కొత్త అచ్చుకు అలా నకలవుతూ వచ్చింది. పూజలో పెట్టుకుంటే దానికో గౌరవం ఉంది. డబ్బు చేద్దామనుకుంటేనే గొడవ.

9. నిజమైన వర్తక టోకెన్లను పట్టుకోవడం

వీటిని జనం గుర్తుపట్టక పాత ఇనుము వాళ్లకు వేసేస్తారు. మూడు రకాలు తెలిస్తే చాలావరకు సరిపోతుంది.

*కోడిపుంజు బిళ్ళ.* సుమారు 20-21 మి.మీ. రాగి. ఒకవైపు నిలబడ్డ కోడిపుంజు, పైన అరబ్బీ లిపిలో మలయ్ భాషలో "తానా మెలాయు", అంటే మలయ్ దేశం. రెండోవైపు "సాతు కెపింగ్", అంటే ఒక కెపింగ్, కింద 1247. సింగపూర్ వర్తకులు బర్మింగ్‌హామ్‌లో చేయించి తెప్పించారు. 1247 చూసి 1831లోనే కొట్టారనుకోవద్దు, అదే తేదీతో తర్వాత చాలా ఏళ్లు కొట్టారు. మలయాలో పనిచేసి వచ్చిన తాతల పెట్టెల్లో ఒకసారి వెతికి చూడండి.

*తేయాకు తోట టోకెను.* అస్సాం, కచార్, సిల్హెట్ తోటల్లో చిల్లర దొరక్క యాజమాన్యాలు సొంత బిళ్ళలు వాడేవి. ఇత్తడి, రాగి, జింకు, ఏదైనా కావొచ్చు. గుండ్రంగానే ఉండాలని లేదు, మూడు కోణాలవి, ఎనిమిది కోణాలవి, నడుమ చిల్లి ఉన్నవి కూడా ఉన్నాయి. తోట పేరో, కంపెనీ పొడి అక్షరాలో ఉంటాయి. రాజు బొమ్మ ఉండదు. చాలావాటిని బర్మింగ్‌హామ్‌లో హీటన్ కుటుంబపు టంకశాల చేసింది. గంజాం, విశాఖ వైపు నుంచి తెలుగువాళ్లు ఎందరో ఆ తోటలకు కూలికి వెళ్లారు. కాబట్టి శ్రీకాకుళం సంతలో ఇలాంటి బిళ్ళ కనిపిస్తే వాషర్ అనుకుని వదిలేయకుండా రెండు వైపులా చూడండి.

*సింహళం కాఫీ టోకెను.* కొలంబోలో కాఫీ గింజలు శుభ్రం చేసే మిల్లులవి. జార్జ్ స్టూవర్ట్, హల్ట్స్‌డోర్ఫ్ మిల్స్ లాంటి పేర్లుంటాయి. విలువ పెన్నీల్లో ఉందా, సెంట్లలో ఉందా చూడండి. అక్కడ సెంట్ల లెక్క 1872లో వచ్చింది కాబట్టి సెంట్లలో ఉన్నది ఆ తర్వాతదే.

టోకెన్లకు బరువు ప్రమాణం అంత కచ్చితంగా ఉండదు. ఇక్కడ ఎక్కువ పని చేసేది పేరు. అక్షరాలు పూర్తిగా రాసుకుని, వేలం సంస్థల పాత జాబితాల్లో అదే పేరు వెతికి, ఆకారం, చిల్లి చోటు, అక్షరాల వరస పోల్చాలి.

10. ఒక డబ్బా, రెండు బిళ్ళలు

కిందటి సంక్రాంతికి మా మేనత్త ఒక స్టీలు డబ్బా నా ముందు పెట్టింది. "ఇందులో ఒకటి బియ్యం లాగుతుందట్రా, లక్షలొస్తాయని మీ మావయ్యకి ఎవరో చెప్పారు" అంది.

మొదటిది పెద్దది, పచ్చటి మెరుపు, రామ పట్టాభిషేకం. తూకం 21.37 గ్రాములు. అర్ధణాయే 12.95 అయితే ఇదేమిటో అనిపించింది. నీళ్లలో 2.52 చూపించింది. భాగిస్తే 8.48, అంటే ఇత్తడి. అంచు మీద ఆకురాయి గీతలు. వెనక "వన్ అణా 1818". నాలుగు నిమిషాల పని.

రెండోది నల్లగా, గరుకుగా, ఎవరూ పట్టించుకోనిది. తూకం 9.02, వెడల్పు 30.7. నీళ్లలో 1.02, అంటే 8.84, రాగి. టార్చి పక్కనుంచి వేస్తే సింహాలు తేలాయి, ఒకవైపు పర్షియన్ లిపి, కింద రెండు ఎక్స్‌లు, 1808. ఇరవై కాసులు. ఒళ్లంతా ఇసుక కొరికినట్టు ఉండటం చూసి నాకు "అడ్మిరల్ గార్డ్‌నర్" ఓడ గుర్తొచ్చింది. ఇవే నాణేలు మోసుకుని మద్రాసుకు బయల్దేరి 1809 జనవరిలో ఇంగ్లండు తీరంలోనే గుడ్విన్ ఇసుకదిబ్బల్లో మునిగింది. 1980ల్లో లక్షల నాణేలు పైకి తీశారు. ఇలా సముద్రంలో నానినవి సేకరణదారుల మధ్య విరివిగా తిరుగుతుంటాయి. అయితే మేనత్త నాణెం వాళ్ల అత్తగారి నుంచి వచ్చింది, అది ఓడదా, పొలం మట్టిలో నానినదా అన్నది ఒళ్లు చూసి చెప్పలేను. చీటీ మీద అలాగే రాశాను.

"మరి బియ్యం?" అంది. పళ్లెంలో నాలుగు గింజలు వేసి ఆ ఇత్తడి బిళ్ళ పక్కన పెట్టాను. కాసేపు ఇద్దరం చూశాం. "అత్తా, గింజలకి ఆకలి లేనట్టుంది" అంటే నవ్వి లేచింది.

నవ్వే విషయం కాదు నిజానికి. బియ్యాన్ని లాగే బిళ్ళకు లక్షలొస్తాయని నమ్మించే రైస్ పుల్లింగ్ పేరుతో మన రెండు రాష్ట్రాల్లో ఎందరో డబ్బు పోగొట్టుకున్నారు, పోలీసు కేసులు అవుతూనే ఉన్నాయి. ఏ రాగీ, ఏ ఇత్తడీ బియ్యాన్ని లాగదు. "టెస్టింగ్ ఫీజు కట్టండి, ఇరిడియం ఉందేమో చూస్తాం" అన్నవాడికి రూపాయి కూడా ఇవ్వకండి.

11. తరచూ జరిగే పొరపాట్లు

- ఫొటో చూసి తేల్చడం. ఫొటోలో బరువు కనిపించదు. అమ్మేవాడిని తూకం మీద పెట్టి ఫొటో పంపమనండి. పంపనంటే వదిలేయండి.
- ఒకే పరీక్షతో ఆగిపోవడం. బరువు సరిగ్గా వచ్చినా రాత తప్పు కావొచ్చు. బరువు, అంచు, లోహం, రాత, నాలుగూ కలవాలి.
- పాతగా కనిపిస్తే పాతదనుకోవడం. ఎరువుల గోతంలో ఆరు నెలలు ఉంచినా నల్లబడుతుంది.
- ఇంట్లో దొరికింది కాబట్టి అసలుదనడం. తాతగారు కూడా యాత్రకు వెళ్లి దుకాణంలో కొని ఉండొచ్చు.
- చిలుముకు కొబ్బరినూనె రాయడం. నూనె దుమ్మును పట్టుకుంటుంది. పొడిలా రాలే లేతాకుపచ్చ మచ్చలుంటే దాన్ని మిగతావాటి నుంచి వేరుచేసి, పొడిగా ఉంచండి.
- మెత్తటి ప్లాస్టిక్ కవర్లు. పీవీసీ కవర్లలో రాగి జిగటగా పచ్చబడుతుంది. అట్టముక్కల మధ్య మైలార్ కిటికీ ఉన్న హోల్డర్లు వాడండి.

12. కొనేముందు, అమ్మేముందు

వందేళ్లు దాటిన నాణెం 1972 నాటి పురావస్తు చట్టం కింద పురావస్తువు. దాన్ని మనలాంటి వాళ్లం దేశం దాటించడానికి వీల్లేదు. అమెరికాలో ఉన్న మనవడికి గుర్తుగా సూట్‌కేసులో సర్దేముందు ఇది గుర్తుంచుకోండి. పొలంలో, పునాదిలో దొరికితే అది మరో లెక్క. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం పది రూపాయల విలువ దాటితే కలెక్టరుకు తెలియజేయాలి.

పాత నాణేలు కొంటామని రిజర్వ్ బ్యాంకు పేరు చెప్పి కమిషన్, పన్ను అడిగేవాళ్లుంటారు. అలాంటి లావాదేవీలతో తమకు సంబంధం లేదని ఆ బ్యాంకే 2021 ఆగస్టులో ప్రకటించింది. నిజంగా కొనేవాడు మనకు డబ్బిస్తాడు, మన దగ్గర తీసుకోడు.

13. చీటీ రాయడం

పని అయిపోయాక బిళ్ళతో పాటు హోల్డర్‌లో ఒక చిన్న చీటీ పెట్టండి. పెన్ను వద్దు, సిరా తేమకు పాకుతుంది. పెన్సిలుతో:

- గుంపు (నాణెం, వర్తక టోకెను, తోట టోకెను, రామటంకా, కల్పితం)
- బరువు, వెడల్పు, నీటి పరీక్ష అంకె
- రెండు వైపులా రాతలు, ఉన్నవి ఉన్నట్టు
- ఎవరి దగ్గర నుంచి, ఏ ఊర్లో, ఏ తేదీన వచ్చింది
- ఇంకా తేలని అనుమానం ఏదైనా

కల్పిత బిళ్ళకు కూడా చీటీ రాయండి, పారేయకండి. మళ్లీ ఎవరైనా రాముడి బొమ్మతో వచ్చినప్పుడు పక్కన పెట్టి చూపించడానికి ఉంటుంది. మేనత్త డబ్బాలోని ఇత్తడి బిళ్ళ ఇప్పుడు నా బల్ల సొరుగులో ఆ పని మీదే ఉంది.